అమ్మమ్మ అరుగు, రెండు డజన్ల పువ్వులు

మొన్న బీరువా సర్దుతుంటే అమ్మమ్మ లేసు సంచి బయటపడింది. లోపల తుప్పు పట్టిన సూది, సగం అయిపోయిన దారం ఉండ, విడిగా ఒకే ఒక్క పువ్వు. అరచేతిలో ఇమిడేంత పువ్వు, ఒకప్పుడు మల్లెపూవులా ఉండేది, ఇప్పుడు లేత పసుపుకి తిరిగింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టుకుని, అల్లిక ఎటు తిరిగిందో చూశాను. 38 ఏళ్ళ కిందట అమ్మమ్మ నేర్పిన చూపు అది. ఇప్పటికీ ఎవరింట్లో లేసు కనబడినా నా వేలు ముందు ఆ వరస వెంటే పోతుంది.

మాది నరసాపురం. పశ్చిమ గోదావరి జిల్లాలో రైలు పట్టాలు ఆగిపోయే ఊరు. పక్కనే వశిష్ఠ గోదావరి. రేవులో పంటు ఎక్కితే అవతల సఖినేటిపల్లి, అటునుంచి అంతర్వేది. నాన్నది బదిలీల ఉద్యోగం కావడంతో నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. ఐదో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా అక్కడే చదివాను. నా జీవితంలో నేను దగ్గరుండి చూసిన ఒకే ఒక్క అపరాధ పరిశోధన ఆ అరుగు మీదే జరిగింది. చేసింది మా అమ్మమ్మ.

లేసు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు మా వైపు ఆడవాళ్ళకి నేర్పిన పని ఇది. అక్కణ్ణుంచి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం. మా చిన్నప్పుడు పని ఎలా నడిచేదంటే, కంపెనీ వాళ్ళు ఏజెంటుకి దారం ఇస్తారు. ఏజెంటు దాన్ని తూకం వేసి ఇంటింటికీ పంచుతాడు. ఆడవాళ్ళు ఒంటి సూదితో విడివిడిగా పువ్వులు అల్లుతారు. అది చేతిపని. ఆ పువ్వులన్నీ ఒకచోట చేర్చి టేబులు గుడ్డగానో, మంచం మీద పరిచే దుప్పటిగానో కలపడం అతుకుపని. అయ్యాక మళ్ళీ తూకం, మళ్ళీ లెక్క. తరవాత అవి ఓడలెక్కి వెళ్ళిపోతాయి. ఏ దేశంలో ఎవరి భోజనాల బల్ల మీద పడతాయో అల్లినవాళ్ళకి తెలియదు.

మా అమ్మమ్మది అతుకుపని. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలో ఆడవాళ్ళు మా అరుగు మీదికే చేరేవాళ్ళు. ఆ ఏడాది ఐదుగురు. సందు చివరి మామ్మ, డాబా ఇంటి పిన్ని, పాలకొల్లు అత్తయ్య, బావి పక్కింటి అక్క, అందరికంటే కొత్తగా వచ్చిన లంక అక్క. ఆ అక్కకి పద్ధెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి. 1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చింది గుర్తుందా, భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి పోయిన వరద. ఆ వరదకి గోదావరి మధ్య లంకలో వాళ్ళ ఇల్లు కరిగి గోదాట్లో కలిసిపోతే, మా వీధిలో ఉన్న మేనత్త ఇంటికి వచ్చి చేరింది. పెద్దవాళ్ళు లంక పిల్ల అనేవాళ్ళు. ఎక్కువ మాట్లాడేది కాదు. తల దించుకుని అల్లుకుంటూ పోయేది.

ఇది 1987 సంక్రాంతికి ముందు సంగతి. ఏజెంటు ఒక పెద్ద టేబులు గుడ్డకి దారం ఇచ్చాడు. నిలువు 12, అడ్డం 10, మొత్తం 120 పువ్వులు. మనిషికి రెండేసి డజన్లు. ఎవరు అల్లినవి వాళ్ళు డజనుకో కట్ట కట్టి, గుర్తుగా పాత చీర అంచు ముక్కతో ముడి వేసి, మా ముందు గదిలో ట్రంకుపెట్టెలో వెయ్యాలి. మామ్మది ఎర్ర ముక్క, పిన్నిది నీలం, అత్తయ్యది పసుపు, బావి అక్కది నలుపు, లంక అక్కది ఆకుపచ్చ. పగలంతా ఆ గది తలుపు తీసే ఉండేది. పండక్కి ముందే కూలి వస్తుందని అందరూ ఆశగా అల్లారు.

భోగి ఇంకో ఎనిమిది రోజులుందనగా ఏజెంటు లెక్క చూసుకోవడానికి వచ్చాడు. పెట్టె తీస్తే ఎనిమిది కట్టలే ఉన్నాయి. ఆకుపచ్చవి రెండూ లేవు.

"శనివారమే వేశానండి, రెండూ," అంది లంక అక్క.

"వేస్తే ఏవమ్మా మరి? కాళ్ళొచ్చి నడిచిపోయాయా?" అన్నాడు ఏజెంటు. దారం ఖరీదు అందరి కూలిలోంచీ కోస్తానన్నాడు. ఆ పిల్లకి ఇకమీదట దారం ఇచ్చేది లేదన్నాడు. అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి డాబా ఇంటి పిన్ని మెల్లిగా అంది, "ఊరూ పేరూ తెలియనివాళ్ళని చేర్చుకుంటే ఇంతే." లంక అక్క ఏడవలేదు. చూపుడు వేలికి దారం చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటూ కూర్చుంది. ఆ వేలు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. దారం కోసి కోసి అక్కడ చిన్న గాడి పడిపోయింది.

అమ్మమ్మ లేచి నిలబడింది. "శుక్రవారం దాకా ఆగండి బాబూ. 120 పువ్వులూ లెక్కగా నేను అప్పజెపుతాను. అందాకా ఎవర్నీ ఏమీ అనకండి," అంది.

అప్పటికి నాకు పన్నెండేళ్ళు. మావయ్య అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చే డిటెక్టివ్ నవలలన్నీ దొంగచాటుగా చదివేసేదాన్ని. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ అంటే ప్రాణం. ఆ సాయంత్రమే లెక్కల నోటుబుక్కులో వెనక పేజీ తీసి అనుమానితుల పేర్లు రాశాను. కొబ్బరికాయలు దింపడానికి వచ్చినతను, ఏజెంటు గారి సైకిలు తోసే కుర్రాడు, పాత పేపర్లు కొనేవాడు. రాత్రి అన్నాలయ్యాక అమ్మమ్మకి చదివి వినిపించాను. ఆవిడ తమలపాకుకి సున్నం రాసుకుంటూ అంతా ఓపిగ్గా వింది.

"బాగా రాశావు. కానీ ఒకటి చెప్పు. ఎత్తుకెళ్ళినవాడు ఆ పువ్వులతో ఏం చేసుకుంటాడు?"

"అమ్ముకుంటాడు."

"ఎవరికే? అతకని పువ్వు ఎవరు కొంటారు? ఈ నమూనా ఏ కంపెనీదో ఊళ్ళో ప్రతి ఏజెంటుకీ తెలుసు. పట్టుకెళ్ళి చూపిస్తే అక్కడే దొరికిపోతాడు. పైగా పక్కనే ఇత్తడి చెంబు ఉంది, మీ తాతయ్య గడియారం ఉంది. అవి వదిలేసి పువ్వులు పట్టుకెళ్ళే దొంగ ఉంటాడా?"

నేను ఆలోచనలో పడ్డాను. అమ్మమ్మ ఆకు చుట్టి నోట్లో పెట్టుకుని, చాలా సేపయ్యాక అంది. "నాకేమనిపిస్తోందంటే, పువ్వులు పోలేదు. అసలు అల్లలేదు."

"అయితే లంక అక్క అల్లకుండానే అల్లానని..."

"కాదు. ఆ పిల్ల నా కళ్ళముందే అల్లింది. 24 పువ్వులూ నేను చూశాను. ఇంకెవరో అల్లలేదు. ఆ ఇంకెవరి దగ్గరో అల్లని దారం ఉండాలి. పువ్వు పోతుంది గానీ దారం ఎక్కడికి పోతుంది? లాంతరు వెలిగించు."

కరెంటు అప్పటికే పోయింది. లాంతరు వెలిగించి, నేల మీద నల్ల గొంగళి పరిచి, ఎనిమిది కట్టలూ విప్పింది. తెల్ల పువ్వులు నల్ల గొంగళి మీద బారులు తీరాయి. ఒక్కొక్కటీ తీసి నా అరచేతిలో పెడుతూ చెప్పింది. ఇది డాబా ఇంటావిడది, దారం బిగించి లాగుతుంది, అందుకే పువ్వు గిన్నెలా పైకి లేస్తుంది. ఇది పాలకొల్లు వదినది, చేతి వదులు, నీళ్ళలో వేసిన అప్పడంలా వేలాడుతుంది చూడు. ఇది బావి పక్కింటి పిల్లది, ముడి వేశాక కొస కత్తిరించదు, ఎప్పుడూ ఇంత తోక వదిలేస్తుంది. రాత ఎవరిదో చూసి పోల్చుకున్నట్టు ఆవిడ అల్లిక చూసి మనిషిని చెప్పేస్తోంది.

తరవాత ఎర్ర ముక్కతో కట్టిన కట్టలోంచి ఒక పువ్వు తీసింది. చదునుగా, బిగువూ వదులూ లేకుండా చక్కగా ఉంది. దాని పక్కనే పిన్ని అల్లిన పువ్వు పెట్టింది. రెండూ మంచివైపు పైకి.

"నడుమ మొదలుపెట్టి వరస ఎటు తిరిగిందో వేలితో రాయి."

రాశాను. పిన్ని పువ్వు మీద నా వేలు గోడ గడియారం ముల్లుకి ఎదురుగా తిరిగింది. ఎర్ర కట్ట పువ్వు మీద ముల్లుతోపాటే తిరిగింది. నమ్మకం కలగక మళ్ళీ రాశాను. ఇంకో పువ్వు తీసి రాశాను. ఎర్ర కట్టలు రెండింట్లో 24 పువ్వులూ అంతే. తక్కిన 72 పువ్వులూ ఇటు, ఈ 24 అటు.

"కుడిచేత్తో సూది పట్టేవాళ్ళ పువ్వు ఇలా తిరుగుతుంది. ఎడమచేత్తో పట్టేవాళ్ళది అద్దంలో చూసినట్టు అలా తిరుగుతుంది. మన అరుగు మీద ఎడమచేతి మనిషి ఎవరే?"

లంక అక్క. ఎడమచేత్తో అల్లుతోందని వాళ్ళ మేనత్త రోజూ తిట్టేది. అమ్మమ్మ మాత్రం ఒక్కసారీ మార్చుకోమనలేదు.

"అంటే మామ్మే..." అన్నాను, గొంతు పెద్దదైపోయింది. అమ్మమ్మ చెయ్యి నా నోటి మీద పడింది. ఆ చేతికి సున్నం వాసన.

"ఈ నెల్లో మామ్మ వాకిట్లో ముగ్గు చూశావా నువ్వు?"

చూశాను, కానీ చూడలేదు. ధనుర్మాసం వచ్చిందంటే మామ్మ ముగ్గు చూడ్డానికి పక్క వీధి వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. చుక్కల ముగ్గులో ఆవిడకి సాటి లేదు. ఆ ఏడాది మాత్రం రోజూ నాలుగు అడ్డగీతలు, నాలుగు నిలువుగీతలు, అంతే. చుక్కలే లేవు. అమ్మమ్మ ఒక్కొక్కటే గుర్తు చేసింది. పోయిన వారం మామ్మ నన్ను పిలిచి నడుం నొప్పిగా ఉంది, బియ్యంలో రాళ్ళు ఏరిపెట్టమంది. ఉత్తరం వస్తే కళ్ళజోడు కనబడట్లేదని బావి అక్కతో చదివించుకుంది. అరుగు మీద అందరితోపాటు కూర్చుని సూది ఆడిస్తోంది గానీ, ఒళ్ళో దారం ఉండ వారం రోజులుగా అంతే ఉంది. తరగలేదు.

"నేను ఆ ఉండ చూస్తూనే ఉన్నాను. ముసలితనం, చెయ్యి నెమ్మదించింది అనుకున్నాను. ఇంత దూరం ఆలోచించలేదు," అంది అమ్మమ్మ. ఆ మాట తనమీద తనే నేరం మోపుకుంటున్నట్టు అంది.

మర్నాడు దీపాలు పెట్టాక, అరిసెలు పళ్ళెంలో పెట్టుకుని బయల్దేరింది. అమ్మమ్మ గుడికి తప్ప వీధిలోకి వెళ్ళే మనిషి కాదు. నేను టార్చిలైటు పట్టుకుని వెనకాలే. మామ్మ ఒక్కతే ఉంది. కొడుకూ కోడలూ కొట్లో ఉన్నారు.

"వదినా, అరిసెలు తెచ్చాను. పాకం ముదిరిందేమో చెప్పు," అని పళ్ళెం ఎదురుగా పెట్టింది.

మామ్మ చెయ్యి చాపింది. పళ్ళేనికి జానెడు ఇవతల నేల మీద ఆనింది. అక్కడ తడుముకుంది. అమ్మమ్మ ఆ చెయ్యి పట్టుకుని పళ్ళెం మీద పెట్టింది. పెట్టి, తియ్యకుండా అలాగే పట్టుకుంది.

"ఎప్పట్నుంచి వదినా?"

"ఏంటి ఎప్పట్నుంచి?"

"మసక."

మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పింది. దసరా నుంచి. కుడి కంటికి అంతా తెలుపే. ఎడమ కంటికి పొగలోంచి చూసినట్టు. సూది కొస కనబడదు, దారం కనబడదు. మొదట వేళ్ళకి తెలిసిన పనే కదా అని అల్లబోయింది. నాలుగు పువ్వులు అల్లితే నాలుగూ చెడిపోయాయి, విప్పేసింది.

"అబ్బాయికి చెబితే, ఇంకెందుకమ్మా, కూచో అంటాడు. అలా అంటాడనే నా భయం. ఎనిమిదో ఏట నుంచి అల్లుతున్నాను వదినా. మనవడికి పండక్కి చొక్కా నా డబ్బుతో కుట్టిస్తానన్నాను. ఒక్కసారికి అనుకున్నాను. పైన చేతికి తగిలిన కట్టలు తీసి నా ముక్క కట్టాను. అవి ఎవరివో కూడా నాకు కనబడలేదు. తరవాత ఆ పిల్లని అన్నారు. అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. నోరు పెగల్లేదు."

లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బాలోంచి దారం ఉండలు తెచ్చింది. ఒక్క మూర కూడా తగ్గలేదు. బియ్యం నూక అంటుకుని ఉంది. అమ్మమ్మ వాటిని కొంగులో మూట కట్టుకుంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇంకాసేపు కూర్చున్నారు. పాకం సరిగ్గానే ఉందంది మామ్మ.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో మా నరసాపురం లేసు ఆడవాళ్ళ గురించి ఒక పుస్తకమే రాశారు. రోజూ గంటల తరబడి పని చేస్తున్నా లోకం వీళ్ళని ఇంట్లో ఊరికే కూర్చునే గృహిణులుగానే లెక్క కడుతుందని అందులో చెప్పారు. అది చాలా ఏళ్ళ తరవాత చదివాను. చదువుతుంటే నాకు మామ్మ మాటే వినబడింది. కూచో అంటాడు, అలా అంటాడనే నా భయం.

గురువారం పొద్దున్నే అమ్మమ్మ లంక అక్కని పిలిపించింది. "నీ పువ్వులు దొరికాయమ్మా. ఎక్కడని అడక్కు. ఇంకో రెండు డజన్లు కావాలి, నాతో కూచుంటావా?" ఎర్ర ముక్క ఊడదీసిన పువ్వులు గొంగళి మీద అలాగే ఉన్నాయి. అక్క ఒకటి తీసి చూసింది. తన చెయ్యి తనకి తెలియదా? తల ఎత్తి సందు చివర ఇంటి వైపు చూసింది. మళ్ళీ అమ్మమ్మని చూసింది. ఏమీ అడక్కుండా సూది ఎడమచేతిలోకి తీసుకుంది. ఆ పగలూ ఆ రాత్రీ ఇద్దరూ అల్లుతూనే ఉన్నారు. నేను దారానికి అంటుకున్న నూక దులిపి ఇస్తూ, లాంతరు వత్తి పెంచుతూ ఎప్పుడో నిద్రపోయాను.

శుక్రవారం ఏజెంటు వచ్చేసరికి పది కట్టలు. రెండు ఆకుపచ్చవి.

నవలల్లో చివరికి డిటెక్టివ్ అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఏం జరిగిందో మొదట్నుంచీ విప్పి చెబుతాడు. నేను దానికోసమే కాచుకుని ఉన్నాను. అమ్మమ్మ కూడా అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి, "తప్పు నాదే బాబూ. అతకడానికని ముందే తీసి లోపల పెట్టి మర్చిపోయాను," అంది. లంక అక్క వైపు తిరిగి, "నా మరుపు వల్ల నీకు మాట పడిందమ్మా. ఏమనుకోకు," అంది.

"పెద్దవారు, దాందేముందండీ," అంటూ ఏజెంటు లెక్క చూసుకున్నాడు. అందరి కూలీ అందరికీ ముట్టింది. మామ్మ తన కూలి డబ్బు రెండు చేతుల్లో పట్టుకుని తల దించుకుంది. డాబా ఇంటి పిన్ని ఆ సాయంత్రం తనంతట తనే లంక అక్కకి జడలోకి చేమంతిపూలు తెచ్చిచ్చింది.

రాత్రి నేను అమ్మమ్మతో దెబ్బలాడాను. అంత బాగా కనిపెట్టి, అబద్ధం ఎందుకు చెప్పావని. ఊరంతా నిన్ను మతిమరుపు మనిషి అనుకుంటారని ఏడ్చాను కూడా. "దారం దొరికింది. పిల్ల మీద మాట పోయింది. ఇంకా ఏం కావాలే నీకు? పడుకో," అంది. నేను నోటుబుక్కులో ఆ పేజీ చింపేశాను. ఈ సంగతి మామ్మ, అమ్మమ్మ, లంక అక్క ముగ్గురూ పోయేదాకా ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడే ఇదే మొదటిసారి.

విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు హాస్టల్లో ఎవరో అగాథా క్రిస్టీ నవల ఇచ్చారు. చిన్న ఇంగ్లీషు పల్లెటూళ్ళో ఉన్ని అల్లుకుంటూ, వీధిలో మనుషుల్ని గమనిస్తూ చిక్కుముడులు విప్పే మిస్ మార్పుల్ అనే ముసలావిడ. 1930లో మొదటి నవల, మొత్తం 12 నవలలు. నాలుగు పేజీలు చదివేసరికి గొంతు పూడుకుపోయింది. ఈవిడ నాకు తెలుసు, ఈవిడ చేతికి సున్నం వాసన వస్తుంది, అని పక్క మంచం అమ్మాయికి చెప్పాలనిపించింది.

బీరువాలో దొరికిన పువ్వు గడియారం ముల్లుతోపాటే తిరిగింది. ఆ రాత్రి లంక అక్క లెక్క తప్పి ఒకటి ఎక్కువ అల్లిందట. అమ్మమ్మ దాన్ని విప్పనివ్వలేదు.

ఆ వేసవిలోనే కంటి శిబిరం పెట్టారు. మామ్మ కొడుకుని అమ్మమ్మే కూర్చోబెట్టి మాట్లాడింది. శుక్లం తీశారు. లావుపాటి సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి. కళ్ళు రెండింతలై కనబడేవి. అల్లిక మళ్ళీ మొదలుపెట్టలేదు, కానీ కట్టలు లెక్కపెట్టడం, తోకలు కత్తిరించడం, చెడిన పువ్వు ఏరడం ఆవిడకే అప్పజెప్పింది అమ్మమ్మ. కూలిలో వాటా కూడా ఇచ్చేది.

1988 ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున సందు చివర్నుంచి నన్ను పిలుపు. మంచు ఇంకా విడలేదు. మామ్మ పేడనీళ్ళు చల్లిన వాకిట్లో ముగ్గుచిప్ప పట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"నా కళ్ళు చెబుతున్నాయి గానీ నాకు నమ్మకం లేదే. 21 చుక్కలు వచ్చాయో లేదో నువ్వు లెక్కపెట్టు," అంది.

నేను వంగి, నడిమి వరసలో ఒక్కొక్క చుక్కా వేలితో చూపిస్తూ పైకి లెక్కపెట్టాను.